పాత మెయిళ్లు దాస్తే చాలదు, వెతికితే దొరకాలి

తన దగ్గరున్న పాత సందేశాలన్నీ తీసేస్తున్నట్టు గ్రూప్ మెయిళ్ల సర్వీసు యాహూ గ్రూప్స్ 2019 అక్టోబరులో చెప్పింది. కావలసినవాళ్లు తమ కాపీ దించుకోవడానికి 2020 జనవరి నెలాఖరు దాకా గడువు దొరికింది, ఆ ఏడాది డిసెంబరు 15న సర్వీసే మూతపడింది. ఈ కబురు సమయానికి అందినవాళ్లు కొందరే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చదువుకనో పనికనో బయటికి వెళ్లినవాళ్లు లేని ఊరంటూ ఉండదు. వాట్సాప్ రాకముందు, వచ్చాక కూడా కొన్నేళ్లు, వాళ్లలో చాలామందిని ఊరితో కలిపి ఉంచింది గ్రూప్ మెయిళ్లే. గుడి బాగుచేయడానికి చందాలు, హైస్కూల్ బ్యాచ్ కలయికలు, ఉద్దానం కిడ్నీ జబ్బు మీద చర్చ, కొత్తగా వచ్చిన కథ మీద వాదోపవాదాలు, తుఫాను తర్వాత ఏ ఊరికి బియ్యం చేరాయి ఏ ఊరికి చేరలేదు అన్న లెక్క, ఇలాంటివన్నీ వాటిలో నడిచాయి.

ఆ మెయిళ్లు ఇప్పుడు ఒకచోట లేవు. కొన్ని ఒకరి జీమెయిల్‌లో, కొన్ని రిటైరైన మాస్టారి డెస్క్‌టాప్‌లో ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఫోల్డర్లలో, కొన్ని ఎవరో రాసిపెట్టిన సీడీలో ఉంటాయి. అన్నీ పోగుచేసి, వెతికితే దొరికేలా ఒక భాండాగారంలోకి ఎక్కిద్దామని ఎవరో ఒకరు పూనుకుంటారు. మంచి పని, ఆలస్యం చేయకూడని పని. కానీ ఎక్కించడం అంటే ఫైళ్లు కాపీ చేయడమే అనుకుంటేనే చిక్కు వస్తుంది. ఎక్కించే ప్రోగ్రామ్ ప్రతి మెయిల్‌నీ చదివి, ఇది ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, దేనికి జవాబుగా రాశారు, ఏ లిపిలో రాశారు అని తనంతట తానే తేల్చేస్తుంది. తప్పు తేల్చినా చప్పుడు చెయ్యదు. తెలుగు మెయిళ్ల విషయంలో ఈ తప్పులు మరీ ఎక్కువ, పైగా చివరికి అన్నీ ఎక్కినట్టే కనిపిస్తాయి, వెతికితే మాత్రం రావు.

అందుకే అన్నిటికంటే ముందు చేయవలసింది, వచ్చిన ఫైల్‌ని వచ్చినట్టే, ఒక్క బైట్ కూడా మార్చకుండా పక్కన పెట్టడం. కథానిలయాన్ని చూస్తే ఈ పద్ధతి అర్థమవుతుంది. కారా మాస్టారుగా అందరికీ తెలిసిన కాళీపట్నం రామారావు గారు 1997 ఫిబ్రవరిలో శ్రీకాకుళంలో దాన్ని మొదలుపెట్టారు. అక్కడ పాత పత్రికలు, కథా సంపుటాలు అసలు రూపంలో ఉంటాయి, ఏ కథ ఎవరిది, ఏ పత్రికలో వచ్చింది అన్న జాబితా వేరే. జాబితాలో తప్పు దొర్లితే రేపు దిద్దుకోవచ్చు, పత్రికే చిరిగిపోతే చేయగలిగింది లేదు. మెయిళ్లకూ అదే లెక్క. మూలం ఒకచోట, వెతకడానికి తయారుచేసుకునే రూపం ఇంకోచోట ఉండాలి, రెండోది ఎన్నిసార్లు పాడైనా మొదటిదాన్నించి మళ్లీ కట్టుకోగలగాలి. చాలామంది చేసేది దీనికి తలకిందులు. మెయిళ్లను ముందే శుభ్రం చేసి, రంగులూ ఫాంట్లూ చెప్పే హెచ్‌టీఎంఎల్ తీసేసి, తెలుగును ఏదో ఒక రకంగా మార్చేసి, ఆ మార్చినదాన్నే దాచి, అసలు ఫైల్‌ని చెరిపేస్తారు. అలా చేస్తే ఏం పోతుందో కింద వస్తుంది.

మెయిళ్లను ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లడానికి ఎక్కువగా వాడేది ఎంబాక్స్ ఫైల్. గూగుల్ టేక్‌అవుట్ నుంచి జీమెయిల్ దించుకుంటే వచ్చేది ఇదే. ఔట్‌లుక్ వాళ్ల పీఎస్‌టీ, ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ వాళ్ల డీబీఎక్స్ ఫైళ్లను కూడా చాలావరకు ముందు ఇందులోకి మార్చుకునే ఎక్కిస్తారు. దీని తీరు మరీ పాతకాలపుది. వేల మెయిళ్లు ఒకే పొడవాటి టెక్స్ట్ ఫైల్‌లో వరసగా ఉంటాయి, 'ఫ్రమ్' అనే ఇంగ్లిష్ మాట, దాని పక్కన ఒక ఖాళీ, ఇవి లైను మొదట్లో వస్తే అక్కడ కొత్త మెయిల్ మొదలైనట్టు. మరి మెయిల్ లోపలే ఒక లైను ఆ మాటతో మొదలైతే? శ్రీకాకుళం రోడ్ స్టేషన్ నుంచి ఏ రైలు ఎన్నింటికి అని ఎవరైనా ఇంగ్లిష్‌లో రాస్తే సరిగ్గా ఆ మాటతోనే మొదలవుతుంది. బుద్ధిగా రాసిన ప్రోగ్రామ్‌లు అలాంటి లైను ముందు ఒక బాణం గుర్తు పెడతాయి, కొన్ని పెట్టవు. పెట్టకపోతే ఒక మెయిల్ రెండు ముక్కలై, రెండో ముక్క పంపినవాళ్ల పేరు, తేదీ, సబ్జెక్టు ఏవీ లేని అనాథ మెయిల్‌గా ఎక్కుతుంది. ఎక్కించాక పేరు లేని మెయిళ్లు కుప్పగా కనిపిస్తే మొదట అనుమానించవలసింది దీన్నే.

తేదీల గొడవ ఇంతకంటే పెద్దది. మెయిల్ మీద కనిపించే తేదీని రాసేది పంపినవాళ్ల కంప్యూటర్. పాత డెస్క్‌టాపుల్లో మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోతే గడియారం ఏ 1980 జనవరికో వెళ్లిపోయేది, ఆ రోజు పంపిన మెయిల్ భాండాగారంలో అట్టడుగుకి పోతుంది. ఇంకో రకం ఉంది, అది కనిపెట్టడం కష్టం. విండోస్ వేసినవాళ్లు టైమ్‌జోన్‌ని అమెరికా పసిఫిక్ దగ్గరే వదిలేసి, గడియారాన్ని మాత్రం మన టైమ్‌కి సర్దేసేవాళ్లు. తెర మీద అంతా బాగానే ఉంటుంది. కానీ ఆ కంప్యూటర్ నుంచి ఉదయం పదింటికి పంపిన మెయిల్, మన లెక్కలో రాత్రి పదకొండున్నరకి పంపినట్టు ముద్ర పడుతుంది, అంటే 13 గంటల 30 నిమిషాల తేడా. దాంతో మధ్యాహ్నం వచ్చిన జవాబు పైన, ఉదయం అడిగిన ప్రశ్న కింద పడి, ఎవరు ఎవరికి ఏం చెబుతున్నారో చదివేవాళ్లకు తెలియదు. దీనికి మందు మెయిల్ తలభాగంలో, అంటే హెడర్లలోనే ఉంది. మెయిల్ దాటిన ప్రతి సర్వరూ తాను అందుకున్న సమయాన్ని ఒక లైనుగా పైన అతికిస్తూ పోతుంది. మెయిల్ తేదీకీ, ఆ లైన్లలో అన్నిటికంటే కిందిదానికీ మధ్య కొన్ని గంటలు మించి తేడా ఉంటే, వరస పెట్టడానికి సర్వర్ సమయాన్నే నమ్మడం మేలు. చూపించేటప్పుడు మాత్రం పంపినవాళ్ల తేదీని కూడా పక్కన చూపించాలి, దాన్ని మార్చే హక్కు ఎక్కించేవాళ్లకు లేదు.

ఏ మెయిల్ దేనికి జవాబో తెలుసుకోవడానికి ప్రతి మెయిల్‌కీ మెసేజ్ ఐడీ అని ఒక ప్రత్యేకమైన గుర్తు ఉంటుంది, జవాబులో పాత మెయిల్ గుర్తు కూడా వస్తుంది. 1982లో వచ్చిన మెయిల్ నియమాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 822 కాలం నుంచీ ఉన్న ఏర్పాటే ఇది, ఇప్పటి నియమాలు 2008లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5322లో ఉన్నాయి. ఈ గుర్తులను పట్టుకుని చర్చలను గొలుసుగా అల్లడం మెషీన్‌కి సులువే. మనుషుల అలవాటే అడ్డం వస్తుంది. గ్రూప్ అడ్రస్ గుర్తుండక, ఏదో పాత మెయిల్ తీసి రిప్లై కొట్టి కొత్త సంగతి రాసేయడం మనవాళ్లలో ఎక్కువ. ఉగాది శుభాకాంక్షల మెయిల్‌కి జవాబుగా వంశధార వరద కబురు, దానికి జవాబుగా సహాయ సామగ్రి జాబితా, సబ్జెక్టు లైనులో మాత్రం చివరిదాకా ఉగాదే. గొలుసును నమ్మితే వరద సంగతంతా పండగ కింద పూడుకుపోతుంది. గొలుసు తెంపి సబ్జెక్టులు మార్చేద్దామని అనిపిస్తుంది కానీ అది చేయకూడదు. మూలానికి చేయి తగలకుండా, పైన ఒక చిన్న వివరణ, 'వరద సహాయం, ఆమదాలవలస వైపు' లాంటిది విడిగా తగిలించుకుంటే చాలు. ఇది మనిషి కూర్చుని చేయవలసిన పని, ఏ ప్రోగ్రామూ చేసిపెట్టదు. అయినా చేయదగ్గది, ఎందుకంటే ఆ గ్రూప్ సంగతులు తెలిసినవాళ్లు ఇంకా ఉన్నప్పుడే ఇది అవుతుంది.

ఒకే మెయిల్ నలుగురి ఇన్‌బాక్సుల నుంచి నాలుగుసార్లు వస్తుంది. మెసేజ్ ఐడీ ఒకటే అయితే ఒకటి ఉంచి మిగతావి పక్కన పెట్టొచ్చు. లోపలి పాఠాన్ని పోల్చి చూసే పద్ధతి మాత్రం పనికిరాదు, ఎందుకంటే పంపినవాళ్ల దగ్గరున్న కాపీలో ఉండని గ్రూప్ ఫుటర్ అందుకున్నవాళ్ల కాపీలో ఉంటుంది, బైట్లు కలవవు. పంపినవాళ్ల కాపీని వాడేటప్పుడు ఒక జాగ్రత్త: అందులో బీసీసీ పేర్లు ఉండొచ్చు, అవి ఎవరికీ కనిపించకూడదనే పెట్టినవి. రోజంతటి సందేశాలనీ ఒక కట్టగా పంపే డైజెస్ట్ మెయిళ్లు ఇంకో తలనొప్పి. అవి తప్ప వేరే కాపీ లేకపోతే ఒక్కో కట్టను విప్పి ముక్కలు చేసుకోవాలి, విప్పాక చాలావాటికి అసలు మెసేజ్ ఐడీలు దొరకవు.

మెయిల్‌మ్యాన్ 3 అనే గ్రూప్ మెయిళ్లు నడిపే సాఫ్ట్‌వేర్‌తో వచ్చే హైపర్‌కిట్టీ లాంటి సిద్ధంగా ఉన్న సాధనాన్ని వాడేవాళ్లు రెండు సంగతులు ముందే తెలుసుకోవాలి. భాండాగారంలో అప్పటికే కొన్ని మెయిళ్లు ఉంటే, దాని ఇంపోర్ట్ ఆదేశం వాటికంటే కొత్తవాటినే తీసుకుంటుంది. 2012 మెయిళ్లు ఎక్కించాక 2004 నాటివి దొరికితే, ఫలానా పాత తేదీ నుంచి తీసుకో అని విడిగా చెప్పాలి, చెప్పకపోతే వదిలేస్తుంది. రెండోది, ఎక్కించడం వేరు, వెతకడానికి ఇండెక్స్, అంటే ఏ మాట ఏ మెయిల్లో ఉందో చెప్పే పట్టిక, కట్టడం వేరు. ఇండెక్స్ కట్టకపోతే మెయిళ్లన్నీ నెలవారీగా చక్కగా కనిపిస్తాయి, వెతుకులాట పెట్టెలో ఏం కొట్టినా సున్నా వస్తుంది.

ఇక తెలుగు దగ్గరికి వద్దాం. పాత తెలుగు మెయిళ్లలో తెలుగు ఒక్క రూపంలో లేదు. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991లోనే చేరినా, మామూలు మనుషుల కంప్యూటర్‌లోకి అది వచ్చింది 2001లో విండోస్ ఎక్స్‌పీ, దాంతోపాటు గౌతమి ఫాంట్ వచ్చాకే, అలవాటు కావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. ఈలోగా సాహిత్యం గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఆర్‌టీఎస్ వాడారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పద్ధతి అది, ఇంగ్లిష్ అక్షరాలతోనే తెలుగును కచ్చితంగా రాయడానికి. అందులో చిన్న అక్షరానికీ పెద్ద అక్షరానికీ తేడా ఉంది: చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట, చిన్న ఎల్ ల, పెద్ద ఎల్ ళ, చిన్న ఎన్ న, పెద్ద ఎన్ ణ. ఇప్పుడు దాదాపు అన్ని వెతుకులాట యంత్రాలూ ఇండెక్స్ కట్టేటప్పుడు చేసే మొదటి పని అక్షరాలన్నిటినీ చిన్నవి చేయడం. ఇంగ్లిష్‌కి అది మేలు. ఆర్‌టీఎస్ మెయిళ్లకు మాత్రం ఆ ఒక్క పనితో 'పాట', 'పాత' ఒకటైపోతాయి. పాత పాటల గురించి జరిగిన చర్చను వెతకడం ఇక ఎవరి తరమూ కాదు. కాబట్టి ఆర్‌టీఎస్‌లో రాసినవాటిని ఇండెక్స్‌లోకి పంపేముందే తెలుగు లిపిలోకి మార్చి పంపాలి. నియమాలు కచ్చితంగా ఉన్నాయి కాబట్టి యంత్రం మార్చగలదు. అయితే ఇప్పుడు ఫోన్లలో రాసే 'ఎలా ఉన్నావ్ రా' తరహా ఇంగ్లిష్ అక్షరాల తెలుగుకి అలాంటి నియమం ఏదీ లేదు, దాన్ని ఆర్‌టీఎస్ అనుకుని మారిస్తే చదవలేని గందరగోళం తయారవుతుంది. రెండిటినీ విడదీయడానికి ఒక ఉపాయం ఉంది: మాట మధ్యలో పెద్ద అక్షరాలు తరచుగా వస్తుంటే అది ఆర్‌టీఎస్.

మూడోది డీటీపీ ఫాంట్ల తెలుగు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కరపత్రాలు, శుభలేఖలు కొట్టే షాపులు శ్రీకాకుళంలో, విజయనగరంలో ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి ఫాంట్లలో రాసిన పాఠాన్ని నేరుగా మెయిల్‌లో అతికించి పంపినవాళ్లు చాలామంది. లోపల ఉన్నది తెలుగు కాదు, నెత్తి మీద గీతలూ చుక్కలూ ఉన్న ఐరోపా అక్షరాలు, ఫలానా ఫాంట్ ఉంటేనే అవి తెలుగులా కనిపిస్తాయి. దాన్ని యూనికోడ్‌లోకి మార్చాలంటే ముందు తెలియవలసింది అది ఏ ఫాంట్ అని, ఒక్కో ఫాంట్‌కీ అక్షరాల అమరిక వేరు కాబట్టి. ఆ ఫాంట్ పేరు ఎక్కడ ఉంటుంది? మెయిల్ తాలూకు హెచ్‌టీఎంఎల్ రూపంలో, ఫాంట్ చెప్పే ట్యాగ్‌లో. పైన చెప్పిన 'శుభ్రం చేయడం' ఇక్కడే దెబ్బకొడుతుంది. హెచ్‌టీఎంఎల్ తీసేసి ఉత్త పాఠం మిగిల్చుకుంటే ఆ పేరు పోతుంది, దాంతో తాళంచెవి పోయినట్టే. ఇంకో నష్టం కూడా ఉంది. ఈ ఫాంట్లు వాడే కొన్ని స్థానాలు, అంటే 128 నుంచి 159 దాకా ఉన్నవి, ఐరోపా అక్షరాల పాత పట్టిక లాటిన్-1 లెక్కలో అక్షరాలే కావు, కంట్రోల్ సంకేతాలు. మెయిల్ తాను లాటిన్-1 అని చెప్పుకుంటే, దాన్ని నమ్మిన ప్రోగ్రామ్ వాటిని చెత్త కింద ఏరి పారేస్తుంది. మారిస్తే తెలుగే వస్తుంది కానీ మధ్యమధ్యలో ఒత్తులో గుడులో మాయమై ఉంటాయి. పద్మ అనే పాత ఫైర్‌ఫాక్స్ పొడిగింపు ఒకప్పుడు ఇలాంటి ఫాంట్ల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపించేది, అలాంటి మార్పిడి పట్టికలే ఇప్పుడు ఎక్కించేవాళ్లకూ కావాలి.

యూనికోడ్‌లో రాసిన మెయిళ్లు కూడా క్షేమంగా ఉన్నాయని అనుకోవడానికి లేదు. యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకీ మూడు బైట్లు. దారిలో ఏ సర్వరో ప్రోగ్రామో దాన్ని లాటిన్-1 అని పొరబడితే, ఒక్కో గుర్తూ మూడు పిచ్చి గుర్తులుగా విడిపోతుంది. ఇలాంటి పాఠాన్ని ఒక చూపులో పోల్చుకోవచ్చు: నెత్తి మీద వాలుగీత ఉన్న చిన్న 'ఏ' అక్షరం, దాని పక్కన డిగ్రీల సున్నా లేదా ప్లస్-మైనస్ గుర్తు, ఈ జంట మళ్లీ మళ్లీ వస్తుంటే అది పాడైన తెలుగే. తెలుగు గుర్తులన్నిటికీ మొదటి రెండు బైట్లు ఈ రెండు జంటల్లో ఏదో ఒకటే కావడం వల్ల అలా జరుగుతుంది. చూడటానికి భయంగా ఉన్నా ఇది తిరిగి వస్తుంది, పొరబడిన దారినే వెనక్కి నడిపిస్తే చాలు, రెండుసార్లు పాడైతే రెండుసార్లు. తిరిగి రానిది ప్రశ్నార్థకాల వరస. అక్షరాలన్నీ ప్రశ్న గుర్తులైపోయి ఉంటే ఆ కాపీలో ఏమీ మిగల్లేదు, అదే మెయిల్ ఇంకెవరి ఇన్‌బాక్స్‌లోనైనా ఉందేమో అడగాలి. నలుగురి దగ్గరా కాపీలు సేకరించాలని చెప్పేది ఇందుకే. అదనపు కాపీలను తీసేసేటప్పుడు మొదట వచ్చినదాన్ని కాకుండా బాగా ఉన్నదాన్ని ఉంచుకోవాలి.

సబ్జెక్టు లైన్లకు ఇంకో ఇబ్బంది. మెయిల్ హెడర్లలో తెలుగును నేరుగా కాకుండా సంకేతాల్లో చుట్టి పంపుతారు, ఒక్కో చుట్ట 75 అక్షరాలకు మించకూడదు. బైట్లను ఇంగ్లిష్ అక్షరాలతో, అంకెలతో రాసే బేస్64 పద్ధతిలో అయితే ఒక చుట్టలో 15 తెలుగు గుర్తులకంటే పట్టవు. 'శ్రీకాకుళం' అన్న ఒక్క మాటకే, ఒత్తులూ గుణింతాలూ కలిపితే, 10 గుర్తులు. కాబట్టి కాస్త పొడవున్న ప్రతి తెలుగు సబ్జెక్టూ రెండు మూడు ముక్కలవుతుంది. ముక్క చేసేటప్పుడు ఒక గుర్తు మధ్యలో కోయకూడదని నియమం ఉన్నా పాత ప్రోగ్రామ్‌లు కొన్ని మూడు బైట్ల మధ్యలోనే కోసేసేవి. ఎక్కించే ప్రోగ్రామ్ ఒక్కో ముక్కనీ విడిగా విప్పితే అతుకు దగ్గర అక్షరం చెడుతుంది. ముందు బైట్లన్నీ కలిపి, ఆ తర్వాత అక్షరాలుగా చదివితే బాగుపడుతుంది.

ఇంత చేసి మెయిల్ లోపల మంచి తెలుగు నిలబెట్టాక కూడా వెతికితే దొరుకుతుందన్న హామీ లేదు. చిన్న సంఘాలకు బాగా పనికొచ్చే డేటాబేస్ ఎస్‌క్యూలైట్‌నే చూడండి. దాని ఎఫ్‌టీఎస్5 వెతుకులాటలో మామూలుగా ఉండే పద్ధతి, అక్షరాలూ అంకెలూ మాత్రమే మాటలో భాగం అనుకుంటుంది. మన గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా యూనికోడ్ వర్గీకరణలో 'అక్షరాలు' కావు, 'గుర్తులు'. దాంతో ప్రతి గుణింతం దగ్గరా మాట తెగిపోతుంది. 'శ్రీకాకుళం' ఇండెక్స్‌లోకి వెళ్లేటప్పటికి శ, ర, క, క, ళ అనే ఐదు ముక్కలు. వెతికితే ఏవేవో వస్తాయి, ఎందుకు వచ్చాయో తెలియదు, వెతుకులాట పనిచేస్తున్నట్టే ఉంటుంది. సెట్టింగులో ఆ గుర్తుల వర్గాలను కూడా మాటలో భాగంగా తీసుకోమని ఒక్క లైను చేరిస్తే సరిపోతుంది. ఇంగ్లిష్ మెయిళ్లతో పరీక్షించి 'బాగానే ఉంది' అని వదిలేసినవాళ్లకు ఆ లైను అవసరమే కనిపించదు.

తర్వాత ఒకే మాటను బైట్ల స్థాయిలో రెండు రకాలుగా రాసే సమస్య. 'హుద్‌హుద్' అని విడిగా కనిపించేలా రాయడానికి మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెడతారు, కొందరు పెట్టరు, కొందరు మధ్యలో ఖాళీ వదులుతారు. ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం, కింద ఐత్వపు తోక అని రెండు గుర్తులుగానూ రాయొచ్చు, తెర మీద తేడా ఉండదు. ఇలాంటి రెండు రూపాలను ఒకటి చేసే యూనికోడ్ నార్మలైజేషన్ ఐత్వాన్ని సరిచేస్తుంది, కనిపించని గుర్తును మాత్రం ఇండెక్స్ వైపు మనమే తీసేయాలి. ఇక మనుషులు రాసే తేడాలు ఉండనే ఉన్నాయి. తుఫాను పేరును తిత్లీ అన్నవాళ్లూ ఉన్నారు, తిత్లి, టిట్లీ అన్నవాళ్లూ ఉన్నారు. విజయనగరం, విజయనగరము, విజీనగరం మూడూ ఒకటే ఊరు. ఇంగ్లిష్‌లో పాత రికార్డులు ఉటంకించే మెయిళ్లలో శ్రీకాకుళం పేరు చికాకోల్. జిల్లాలు మారిన సంగతి మరీ ముఖ్యం: 2022 ఏప్రిల్ 4న రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. 2010 నాటి మెయిల్‌లో ఆ రెండూ శ్రీకాకుళం జిల్లా ఊళ్లే. కాబట్టి ఏ మాటకు ఏ మాట సమానమో చెప్పే ఒక పట్టిక ఉండాలి, దాన్ని ఆ ప్రాంతం తెలిసినవాళ్లే రాయాలి.

తెలుగులో మాట వెనక ప్రత్యయాలు అతుక్కుంటాయి, మాట రూపమే మారిపోతుంది. శ్రీకాకుళంలో, శ్రీకాకుళానికి, శ్రీకాకుళపు, వీటిని మొదటి భాగం పట్టుకుని వెతికితే దొరుకుతాయి. ఊరు, ఊళ్లో అలా దొరకవు. ఏరు, ఏటి, ఏట్లో అసలే దొరకవు, పైగా ఇక్కడి మాటల్లో 'ఏటి' అంటే 'ఏమిటి' కూడా, నాగావళి ఏటి ఒడ్డు కోసం వెతికితే 'ఏటి సేస్తన్నావు' అన్న మెయిళ్లూ వస్తాయి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో హిందీకీ తమిళానికీ మాట మూలం పట్టే ఏర్పాటు ఉంది కానీ తెలుగుకు లేదు. లూసీన్ అనే వెతుకులాట సాఫ్ట్‌వేర్ 9 వరసలో తెలుగు మాటల మూలం పట్టే అనలైజర్ వచ్చింది, పెద్ద భాండాగారానికి దాంతో మొదలుపెట్టడం మంచిది. చిన్నదానికి మూడేసి గుర్తుల ముక్కలతో వెతికే ట్రైగ్రామ్ పద్ధతి సులువు, ఎస్‌క్యూలైట్‌లో 2020 నుంచి ఉంది. దానికి వ్యాకరణం అక్కర్లేదు, మాట మధ్యలో ఉన్నా పట్టుకుంటుంది. కానీ మూడు గుర్తులకంటే చిన్న మాటను పట్టలేదు. 'వల' రెండే గుర్తులు. తీరం పొడుగునా మత్స్యకారుల ఊళ్లున్న జిల్లాలో వలల గురించి ఎవరైనా వెతకడం వింత కాదు, అలాంటి పొట్టి మాటలకు మామూలు ఇండెక్స్ కూడా పక్కన ఉండాలి. జవాబు కింద అతుక్కుని వచ్చే పాత మెయిళ్లను, అంటే బాణం గుర్తుతో మొదలయ్యే లైన్లను, ఇండెక్స్‌లోంచి తప్పించడం కూడా మరవకూడదు, లేకపోతే ఒక్క మాటకు ఒకే వాక్యం ఇరవైసార్లు కనిపిస్తుంది. చూపించేటప్పుడు అవి ఉంటే నష్టం లేదు.

బాగా దొరకడం వల్ల వచ్చే ప్రమాదం కూడా ఉంది. సహాయ కార్యక్రమాల మెయిళ్లలో బ్యాంకు ఖాతా నంబర్లు, ఫోన్ నంబర్లు ఉంటాయి. కిడ్నీ జబ్బు చర్చల్లో ఫలానా ఇంట్లో ఫలానావారికి డయాలసిస్ అని పేర్లతో ఉంటుంది. అవి వందమంది తెలిసినవాళ్ల మధ్య రాసుకున్నవి. ఏళ్ల తర్వాత ఎవరు పేరు కొట్టినా పైకి వచ్చేలా చేస్తే అది రాసినవాళ్లకు ద్రోహం చేయడమే. మొదట గ్రూప్‌లో ఉన్నవాళ్లకు మాత్రమే తెరవాలి, నంబర్లను చూపించే రూపంలో కప్పేయాలి, ఎవరైనా తమ మెయిల్ తీసేయమంటే ఎందుకని అడగకుండా తీయగలిగే వీలు ముందే పెట్టుకోవాలి. తీసినదాన్ని మెసేజ్ ఐడీతో ఒక జాబితాలో రాసిపెట్టుకోకపోతే, మళ్లీ ఎక్కించినప్పుడు అది తిరిగి వచ్చేస్తుంది.

చివరికి సరిగ్గా ఎక్కిందో లేదో చూడటం. ఫైల్‌లో ఎన్ని మెయిళ్లు, ఎక్కినవి ఎన్ని, అదనపు కాపీలని వదిలేసినవి ఎన్ని, చదవలేక ఆగిపోయినవి ఎన్ని, ఈ లెక్క కలవాలి. కలిసినా అక్కడితో ఆగకూడదు, తెలిసిన సంగతులను వెతికి చూడాలి. ఈ జిల్లాలకు అందుకు అక్టోబరు నెల పనికొస్తుంది: 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, సరిగ్గా ఏడాదికి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర. ఆ కాలంలో నడుస్తున్న ఏ గ్రూప్‌లోనైనా ఆ తేదీల చుట్టూ మెయిళ్లు పోటెత్తి ఉండాలి. అవి కనిపించకపోతే ఆ నెల ఫైలే రాలేదు, లేదా తేదీలు చెడ్డాయి. ఇంకొంచెం దగ్గరగా చూస్తే, తిత్లీ తర్వాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. కాబట్టి మొదటి రోజుల మెయిళ్లు ఎక్కువగా బయట ఉన్నవాళ్లవి, ఊళ్లో ఉన్నవాళ్ల జవాబులు ఆలస్యంగా వచ్చి ఉండాలి. భాండాగారంలో ఊరివాళ్ల జవాబులే ముందు కనిపిస్తున్నాయంటే టైమ్‌జోన్ దగ్గరో తేదీల దగ్గరో పొరపాటు జరిగిందని అర్థం. అప్పుడు కట్టిన ఇండెక్స్‌ని తీసేసి, పక్కన దాచిన మూలం నుంచి ఆ ఒక్క నియమం సరిచేసి మళ్లీ ఎక్కించుకోవాలి.